లేని బర్రె

నేను సైకిలు తొక్కి పాతికేళ్ల పైమాటే. ఈ సంగతి మా మిత్రుడికి తెలియదు. కుర్రతనంలో ఒక రాత్రి కృష్ణ ఒడ్డున సైకిలు మీద పోతుంటే చిరుతపులి నా వెంటపడిందనీ, నేను హ్యాండిల్ వదిలేసి వెనక్కి తిరిగి పకోడీల పొట్లం దాని మొహాన కొట్టి బయటపడ్డాననీ మాత్రమే తెలుసు. మొదట చెప్పినప్పుడు ఒకటే పులి. దిల్‌సుఖ్‌నగర్‌లో నా జిరాక్సు షాపు ముందు టీ తాగుతూ చెప్పగా చెప్పగా రెండయ్యాయి. రెండోది ఆడపులి. పకోడీ అంటే దానికే ఎక్కువ ఇష్టం.

మిత్రుడిది నల్లగొండ వైపు పల్లె. వనస్థలిపురంలో కిరాయికి ఉంటాడు. వేరేవాళ్ల కారు నడుపుతాడు. రాత్రిపూట ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. ఇల్లు గడిచేది వాటి మీదే. అలాంటివాడు ఈ మధ్య నడుం నొప్పని చెప్పి పగటి డ్యూటీకి మారాడు. కారు ఓనరు కొన్నాళ్లు ఊరుకుని, సోమవారం నుంచి రాత్రికి ఎక్కు, లేదంటే తాళం చెవి ఇచ్చి వెళ్లు అన్నాడట.

శనివారం సాయంత్రం మిత్రుడు షాపుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఎల్బీనగర్ కాడికెల్లి రాత్రి సైకిళ్ల గుంపు పోతదట. సైకిళ్లు కిరాయికి వాళ్లే ఇస్తరట. పోదామా?"

"నీకు నడుం నొప్పి కదరా?"

"సోమవారం కారెక్కాలె గద. జర రాత్రి రోడ్డు అలవాటైతది. నువ్వుంటే నాకు ధైర్యం. పులులనే ఉరికించినోనివి."

ఇక నేనేమంటాను? కాదంటే పులులు రెండూ ఆ పూటే చచ్చిపోతాయి.

మెట్రో స్టేషన్ కింద గుంపు చేరింది. అందరూ పిల్లలే, ఒంటికి అతుక్కున్న బట్టల్లో. ముందు నడిపే అమ్మాయి మమ్మల్ని ఎగాదిగా చూసి, "అంకుల్స్ ఇద్దరూ లాస్ట్‌లో ఉండండి" అంది. తర్వాత తన ఫోన్ నంబరిచ్చి వాళ్ల పద్ధతి చెప్పింది. రోడ్డు మీద ఏది అడ్డమొచ్చినా ముందున్నవాళ్లు అరవాలి. "గుంత" అంటే గుంత. "ఆటో" అంటే ఆటో. ఆ మాటను ఒకరి వెనక ఒకరు అందుకుని చివరివాడిదాకా చేర్చాలి.

"నువ్వు నా ముందలుండు అన్నా," అన్నాడు మిత్రుడు. "ఆ పులుల ముచ్చట చెప్పుకుంట పో. ఆపకు."

నా ఛాతీ ఉబ్బింది. ఈ వయసులో కథ అడిగి మరీ చెప్పించుకునేవాడు ఎవరికి దొరుకుతాడు?

కొత్తపేట దాటేసరికి ఛాతీ ఉబ్బు దిగిపోయింది. ఆ సీటు చేసినవాడికి మనుషుల మీద ఏదో పాత పగ ఉండాలి. పిల్లలు మాటల్లో పడి ఎటో వెళ్లిపోతున్నారు. వాళ్ల వెనక లైట్లు ఎర్ర మిణుగురుల్లా మిణుకుమంటున్నాయి. నేను మొదటి పులి దగ్గరే ఆయాసంతో ఆగిపోతే వెనక నుంచి, "తర్వాత?" అని గద్దింపు. ఊపిరి తీసుకుంటే, "ఏడున్నవే అన్నా?" అని కేక. వీడికి కథలంటే ఇంత పిచ్చని ఇన్నేళ్లూ తెలియలేదే అనుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులు షట్టర్లు దించుతున్నాయి. అక్కడ వెనక్కి తిరిగాం. ట్రాఫిక్ తప్పించుకోవడానికని ఆ అమ్మాయి మమ్మల్ని కొత్తపేట వెనక కాలనీల్లోకి మళ్లించింది. ఒక సందులో వీధి దీపాలు లేవు. ముందు నుంచి "గుంత" అని వచ్చింది. నా ముందు కుర్రాడు అందించాడు. నేనూ అందించాను. కాస్త దూరం పోయాక చూస్తే రోడ్డు సాపుగా ఉంది, ముందు నుంచి ఏ కేకా లేదు. నా నాలుక దురద పెట్టింది.

"బర్రె!" అని అరిచాను.

వెనక కీచుమని బ్రేకు పడింది. నేను పగలబడి నవ్వుతూ ఆగి తిరిగి చూశాను. మిత్రుడు సైకిలు దిగి, ఓ పక్కకి జరిగి, దారి ఇచ్చి నిలబడ్డాడు.

"నమ్మేశావురా!" అని ఇంకా నవ్వుతున్నాను. అతను కదల్లేదు. ఖాళీ రోడ్డు వంక చూస్తూ, నెమ్మదిగా అడిగాడు.

"పోయిందా అన్నా?"

నేను అతనికి పది అడుగుల దూరంలో ఉన్నాను. చీకటే గాని, అతని చొక్కా గుండీలు నాకు లెక్కపెట్టేటంత బాగా కనిపిస్తున్నాయి.

"బర్రె లేదురా," అన్నాను.

అతను తల దించుకున్నాడు. "నువ్వొక్కనివే ఉన్నవా ఈడ?"

"నేనొక్కడినే."

"లైట్లున్నకాడ కనవడతది. చీకట్ల ఏం లేదే అన్నా, గోడకు మసి పూసినట్టే. పెద్ద దవాఖానల చూపెట్టిన. రాత్రి చూపు మల్ల రాదన్నరు. ఒక్కసారి చూసుకుందామనొచ్చిన. ఏమో, నడుస్తదేమో అని."

"మరి ఇందాకటి నుంచీ ఎలా తొక్కావురా?"

"నీ నోరున్నది గద."

గుంపు వెళ్లిపోయింది. ముందున్న అమ్మాయికి ఫోన్ చేసి, టైరు పంక్చరని చెప్పాను. అబద్ధం అంత సులువుగా రావడం చూసి కొంచెం ధైర్యం వచ్చింది గాని, అది ఆ ఒక్కదానికే.

సైకిళ్లు నడిపించుకుంటూ బయల్దేరాం. నా క్యారియర్ మీద అతని చెయ్యి.

"సోమవారం నువ్వు నా పక్క సీట్ల కూసుంటవా?" అన్నాడు. "గిట్లనే చెప్పుకుంట..."

"వెనక సీట్లో మనుషులుంటారురా."

అతను వీధి చివర లైటు కిందికి రాగానే ఆగి, జేబులోంచి కారు తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఓనర్‌కు నువ్వే ఇయ్యి. నాతోని కాదు. ఇంట్ల కూడా నువ్వే ఏదన్న చెప్పు."

"ఏమని చెప్పనురా?"

"నాకేం ఎరుక? కథలు నీయి గద."

వెతికాను. నిజంగానే వెతికాను. బదిలీ, వేరే మంచి ఉద్యోగం, ఓనరు కారు అమ్మేశాడు. అన్నీ పైకి వచ్చి, వాళ్లావిడ మొహం గుర్తుకు రాగానే చప్పబడిపోయాయి. ఒక్కటీ రెండో రోజు దాకా నిలిచేది కాదు. లైటు దాటి మళ్లీ చీకట్లోకి అడుగుపెట్టాం. క్యారియర్ మీద అతని పట్టు బిగిసింది.

"గట్ల సప్పుడు చెయ్యకుంటే ఎట్ల నడవాలె? చెప్పు."

"ఏం చెప్పనురా... పులి అన్నాను గాని, అసలది కుక్కేమో."

అతను టక్కున ఆగిపోయాడు. "కుక్క ఏంది? రెండు పులులు. ఒకటి ఆడిది."

చేతిలో తాళం చెవి చెమటకి జారుతోంది. "అవును, రెండు పులులు," అన్నాను. ముందు గుంత వస్తే "గుంత" అని హెచ్చరించి, మళ్లీ మొదటి పులి దగ్గర మొదలుపెట్టాను.