మొహం తిప్పుకున్న పువ్వు

మా మేనత్తను ఇంటా బయటా అందరూ కత్తెర అత్త అంటారు. వీధి మలుపులో ఆవిడకు ఆడవాళ్ల సెలూన్ ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి నోరు తెరిచేలోపే అత్త ఆవిడ జుట్టు తడిపేసి, కుర్చీ గిర్రున తిప్పేసి, కాపురం కష్టాలు సగం వినేసి ఉంటుంది. ఇంటికొస్తే మాత్రం ఆ దర్జా గుమ్మం బయటే ఆగిపోతుంది. ఎందుకంటే ఆ ఇల్లు మామయ్యదీ కాదు, ఆవిడదీ కాదు. ఫ్యాన్లది.

మామయ్య ఫ్యాన్లు, కూలర్లు బాగుచేస్తాడు. దుకాణంలో పట్టనివన్నీ ఇంటికి మోసుకొస్తాడు. సోఫా కింద మోటార్లు, మంచం కింద రెక్కలు, బీరువా మీద రాగితీగ చుట్టలు. పంచదార డబ్బా అనుకుని మూత తీస్తే బేరింగులు. నేను పక్క వీధిలోనే ఉంటాను, తీరిక దొరికితే అక్కడే వాలిపోతాను. కూర్చునే చోటేదని అడిగితే మామయ్య ఒక మోటారు జరిపి, "ఇంకేం, మహారాణిలా కూర్చో" అంటాడు. ఖాళీగా మిగిలింది చిన్న బాల్కనీ ఒక్కటే. దాని మీద ఇద్దరి కళ్లూ పడ్డాయి.

అత్తకు మొక్కలంటే ప్రాణం. మొక్కలకు అత్త అంటే ప్రాణభయం. ఆవిడ ప్రేమకు తట్టుకుని బతికి బట్టకట్టిన మొక్క ఇంతవరకూ లేదు. అలాంటిది, ఊరు మారిపోతున్న ఒకావిడ చివరిసారి జుట్టు కత్తిరించుకుని, వెళ్తూ వెళ్తూ ఒక కుండీ చేతిలో పెట్టింది. "పేరు మర్చిపోయానండీ. పూస్తే మాత్రం చూడాలి" అందట. అత్త దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

మామయ్య దాన్ని ఎగాదిగా చూశాడు. "ఉల్లికాడల్లా ఉంది. సరే, ఒక ఒప్పందం. ఇది పూస్తే బాల్కనీ నీది. చస్తే నా కూలర్లు అక్కడికి."

"మాట తప్పకూడదు మరి!"

"నీ చేతిలో మొక్క పూస్తే కదా, నేను మాట తప్పడానికి!"

మామయ్య అటు వెళ్లగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. "నవ్వకే. సెలూన్లో కుర్చీ వచ్చినవాళ్లది, ఇక్కడ గదులు మోటార్లవి. నాదీ అని కాలు చాపుకునే చోటు నాకెక్కడుందే?" నాకు నవ్వు ఎగిరిపోయింది. నేను ఎవరి పక్షమో ఆ నిమిషంలోనే తేలిపోయింది.

మర్నాడు ఇద్దరం కుండీ పట్టుకుని మొక్కలు అమ్మే ఆయన దగ్గరికి పరిగెత్తాం. ఆయన ఆకు వెనక్కి తిప్పి చూశాడు, మొదలు తడిమాడు. "దుంపలు లేవు. ఆకులు విసనకర్రలా విచ్చుకున్నాయి, మధ్యలో మడత, ముదురాకుపచ్చా లేతాకుపచ్చా కలిసిన మచ్చలు. స్లిప్పర్ ఆర్కిడ్ అయ్యుంటుందమ్మా. పువ్వుకి ముందు చిన్న సంచి వేలాడితే ఇక సందేహం లేదు" అన్నాడు. మట్టి వద్దు, చెట్టు బెరడు ముక్కల్లో పెట్టాలి. వేర్లు మరీ ఎండిపోకూడదు, ఎర్రటి ఎండ తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆకుల నడుమ నీళ్లు నిలవకూడదు. అత్త బడిపిల్లలా తలూపింది.

తలూపితే చెయ్యి ఊరుకుంటుందా? పుట్టెడు తలలు తడిపిన చెయ్యి అది. పొద్దున లేవగానే స్ప్రే బాటిల్ తీసుకుని మొక్క నడినెత్తి మీద బుస్సుబుస్సుమని కొట్టింది. రోజూ అదే వరస. నేను చూసేసరికి ఉన్న రెండు పిలకల్లో ఒకటి నడుమ నల్లబడి, పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. మామయ్య వెళ్లి ఒక కూలర్‌ను బాల్కనీ గుమ్మం దాకా జరిపి పెట్టాడు, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్త ఏడుస్తూ కూర్చునే రకం కాదు. స్ప్రే బాటిల్ నాకప్పగించి, మిగిలిన పిలకను హెయిర్ డ్రయ్యర్‌తో, చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టింది. గాలి ఆడితే కుళ్లు రాదని విని, మామయ్య దగ్గరికే వెళ్లి ఒక బుల్లి ఫ్యాన్ అడిగింది. శత్రువు దగ్గరే కత్తి అరువు! ఆయన గొణుగుతూనే ఇచ్చాడు. కానీ అది కొంచెం టకటకమంటోందని మళ్లీ లాక్కుని, విప్పి, నూనె వేసి తెచ్చాడు. తన చేతి ఫ్యాన్ చప్పుడు చేస్తే ఆయనకు నిద్ర పట్టదు మరి.

కొన్నాళ్లకు ఆకుల నడుమ నుంచి మొగ్గ తల ఎత్తింది. పొద్దున అది చూసిన అత్త సెలూన్ నుంచి నాకు ఫోన్ చేసి అరిచిన అరుపుకి, అక్కడ కుర్చీలో ఉన్నావిడ తన చెవి తెగిందేమోనని తడుముకుందట. ఇక అత్తను పట్టుకోవడం ఎవరి తరం? రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూడటానికి రోజూ కుండీని సెలూన్ కుర్చీలా తిప్పడం మొదలెట్టింది. మొగ్గ వెలుతురు వైపు తల తిప్పుకునేది, ఈవిడ కుండీ తిప్పేసేది. పాపం అది మళ్లీ తిప్పుకునేది.

చివరికి పువ్వు విచ్చుకుంది, మెడ మెలితిప్పి, మొహం బయటికి, వీపు ఇంటికి పెట్టి. గుమ్మంలో నిలబడి చూసిన మామయ్యకు వెనక రేకులే కనిపించాయి.

"సంచి సంచి అన్నారు, ఏదీ? వీపు చూసి నేనొప్పుకోను."

నేను బాల్కనీలోకి దూరి, గోడకు అతుక్కుని, వంగి చూశాను. ఊదా చారల రేకు కింద, తేనెరంగులో మెరుస్తూ బొద్దుగా సంచి! "ఉంది! మామయ్యా, ఉంది!" అని గెంతితే తల రెయిలింగ్‌కు తగిలింది. బొప్పి కట్టినా నవ్వు ఆగలేదు. అత్త కూడా నన్ను పట్టుకుని గెంతేసింది.

"కుండీ ఇటు తిప్పవోయ్, నేనూ చూస్తాను" అన్నాడు మామయ్య.

"తిప్పను. చూడాలనుంటే మీరే ఇటు రండి."

ఆయన కూలర్‌ను వెనక్కి లాగి, లోపలికి కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది. అత్త మొహంలోకి చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రావచ్చా?" అన్నాడు మెల్లగా.

నా ఎరుకలో ఆ ఇంట్లో ఆవిడను ఎవరూ ఆ మాట అడగలేదు. నవ్వుతున్న అత్త కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. చెంగుతో తుడుచుకుంది.

"తల దువ్వుకుని రండి" అంది.

మామయ్య దువ్వెన వెతుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.