మా తాతయ్య జీపు తాగిన పెట్రోలు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు రైలింజనంత జీపు ఒకటి ఉండేది. రైలింజనంత అంటే మీరు నమ్మరని నాకూ తెలుసు. ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. దోమ కుడితే తేలు కుట్టిందని మంచం ఎక్కే రకం నేను. మా ఆవిడ నేను చెప్పే ప్రతి సంగతినీ పావు వంతుకి తగ్గించుకుని వింటుంది. మీరూ అలాగే వినండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ జీపు పెట్రోలు తాగడం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఏమీ తగ్గించకండి. అక్కడ పెంచి చెప్పడానికి నాకు చోటే దొరకలేదు.

ఎనభైల నాటి మాట. మిలటరీ వాళ్లు వాడి వాడి వదిలేసిన బండిని మా తాతయ్య వేలంలో పాడుకుని తెచ్చాడు. మాది నల్లరేగడి నేల. పత్తీ మిరపా బంగారంలా పండుతాయి గానీ నాలుగు చినుకులు పడితే చాలు, మనిషి కాలు లోపలికి పోయి చెప్పు లేకుండా బయటికొస్తుంది. ఊళ్లో ఇంకో పెద్ద రైతుకి నల్ల కారుండేది. వానాకాలమంతా అది తారు రోడ్డు మీదే ఆగిపోయి, పుట్టింటికి వెళ్లలేని కోడలిలా ఊరివైపు చూస్తూ ఉండేది. మా జీపు అలా కాదు. గేరు రాడ్డు పక్కన పొట్టి రాడ్డు ఇంకొకటి ఉండేది. దాన్ని లాగితే ముందు చక్రాలు కూడా లాగడం మొదలుపెట్టేవి. అప్పుడు ఆ బండి బురదలో గేదెలా హాయిగా ఈదుకుంటూ పోయేది.

బురదలోనే వాడి ఊరుకుంటే బాగుండేది. మా తాతయ్యకి ఆ పొట్టి రాడ్డంటే ప్రాణం. గుంటూరు వెళ్లే తారు రోడ్డు మీద కూడా లాగేవాడు. "ఫోర్ వీలు వేశా" అని పక్కవాళ్లకి వినపడేలా చెప్పేవాడు. వేసిన మరుక్షణం ట్యాంకులో పెట్రోలు సుడి తిరిగి కిందికి దిగే చప్పుడు నేను చెవులారా విన్నాను. పెట్రోలు బంకువాడు మా జీపుని దూరం నుంచి చూసి లేచి నిలబడేవాడు. నల్లపాడు స్టేషను దగ్గర తాతయ్య ఒకసారి గట్టిగా గేరు మారిస్తే ప్లాట్‌ఫారం మీద జనం రైలొచ్చిందనుకుని మూటలు నెత్తికెత్తుకున్నారు.

వేరే ఇళ్లలో అయితే అంత తాగే బండిని చూసి దిగులు పడేవాళ్లు. మా ఇంట్లో అది పరువు. ఎవరైనా వచ్చి, "లీటరుకి ఎంత ఇచ్చుద్దండీ?" అని అడిగితే తాతయ్య మీసం సవరించుకుని, "ఇవ్వడానికి అదేమన్నా గేదా? ఇది తాగుద్ది" అనేవాడు. అడిగినవాడు నోరు తెరుచుకుని జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. నేను బళ్లో అదే మాట ఇంకాస్త ఉప్పూ కారం కలిపి చెప్పేవాణ్ణి. మోపెడ్లున్న వాళ్ల పిల్లలు లీటరుకి ఇన్ని కిలోమీటర్లని చెప్పుకుంటుంటే, "మా జీపు బడి గేటు దాటేలోపు మీ నాన్న వారమంతా తిరిగే పెట్రోలు తాగేసి, ఇంకేది అని అడుగుద్ది" అనేవాణ్ణి. వాళ్లు నా వైపు చూసే చూపుకి నాకు ఒళ్లంతా గాలితో నిండినట్టుండేది.

ఆ కార్తీకంలో జీపుకి పూజ చేయించాలని తాతయ్యకి బుద్ధి పుట్టింది. సోమవారం పొద్దున్నే నాయనమ్మనీ నన్నూ ఎక్కించుకుని పెదకాకాని శివాలయానికి బయల్దేరాడు. అంతకు ముందు వారమంతా ముసురు. ఆ రోజే కాస్త ఎండ కాసింది. మా జీపులో పెట్రోలు ముల్లు మిలటరీలో ఉన్నప్పుడే చచ్చిపోయింది కాబట్టి, ట్యాంకులోకి కందిపుల్ల దింపి, తడి ఎక్కడిదాకా ఉందో చూసుకోవడం అలవాటు. ఆ పొద్దున నాయనమ్మ పుల్ల తెచ్చి ఇచ్చింది కూడా. "దేవుడి దగ్గరికి పోతా కొలతలేంటే" అని తాతయ్య దాన్ని చూరులోనే గుచ్చేశాడు.

పూజ ఘనంగా జరిగింది. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, జీపు మెడలో నా ఎత్తు బంతిపూల దండ. మూడు నామాలు కాదు గానీ మూడు విభూది రేఖలు పెట్టుకుని, పెళ్లికొడుకులా తయారైంది. వచ్చేటప్పుడు తాతయ్య దారిపొడుగునా హారను మోగించాడు. తారు రోడ్డు దిగి మా ఊరి మట్టిదారి పట్టాక పొట్టి రాడ్డు లాగాడు. కొంత దూరం పోయి జీపు ఒక్కసారి దగ్గింది. రెండోసారి నిట్టూర్చింది. తర్వాత నోరు మూసుకుంది.

ఆగింది సరిగ్గా మా పక్కింటి బాబాయ్ పత్తిచేను పక్కన. పక్కింటి బాబాయ్ సాయిబుల వాడు. వాళ్ల గోడా మా గోడా ఒకటే. గోడ మీదుగా మా గోంగూర అటూ వాళ్ల సేమ్యా ఇటూ వస్తూ పోతూ ఉండేవి. ఆయనకి సొంత పొలం లేదు. ఆ చేను కౌలుకి తీసుకుని పత్తి పెట్టాడు. కాయ మంచి పట్టు మీదున్నప్పుడు పచ్చపురుగు తగిలింది. ముసురులో మందు కొడితే కడుక్కుపోతుంది, కొట్టకపోతే కాయని తొలిచేస్తుంది. ఎండ ఎప్పుడొస్తుందా అని వారమంతా ఆకాశం వైపే చూశాడాయన. ఆ రోజు ఎండ రాగానే వీపుకి తగిలించుకునే పెట్రోలు స్ప్రేయరు బాడుగకి తెచ్చుకున్నాడు. సైకిలు మీద బంకుకి పోయి డబ్బాతో పెట్రోలు తెచ్చి, ఆ మిషను తాగే పద్ధతిలో ఇంజనాయిలు కలిపి సిద్ధం చేసుకున్నాడు. పిన్ని గట్టు మీద డ్రమ్ములో మందు కలుపుతోంది.

జీపు ఆగగానే తాతయ్య బానెట్టు ఎత్తి లోపలికి తల పెట్టాడు. బయటికి తీయలేదు. బాబాయ్ గట్టు దిగి వచ్చాడు.

"ఏంది పెదనాన్నా, పూజ చేయిస్తే అలిగిందా?"

"వేడెక్కిందిరా. కాస్త చల్లారనీ."

బాబాయ్ ట్యాంకు మూత తీసి, వంగి ఒక్కసారి వాసన చూశాడు. మూత మళ్లీ పెట్టేశాడు. మా ఇల్లు అక్కడికి మైలు దూరం కూడా ఉండదు. నాయనమ్మ జీపు దిగి కొంగు దోపుకుని, "నేను నడిచి పోతున్నా. మీరూ రండి. బండిని ఎవరు ఎత్తుకుపోతారు?" అంది. తాతయ్య కదల్లేదు. దండ వేసుకున్న జీపుని దారిలో వదిలేసి, పట్టు పంచెతో, నుదుటి మీద విభూదితో, టీ కొట్టు ముందు నుంచి నడిచి వెళ్లడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అది బాబాయ్‌కి అర్థమైంది. నాయనమ్మకి ఎప్పుడో అర్థమైపోయింది.

బాబాయ్ పశ్చిమం వైపు చూశాడు. దూరంగా దర్శి వైపున మళ్లీ మబ్బు లేస్తోంది. పిన్ని వైపు చూశాడు. పిన్ని కర్రతో మందు తిప్పడం ఆపేసింది. ఆయన వెళ్లి డబ్బా తెచ్చి ట్యాంకులో పోయడం మొదలుపెట్టాడు. అప్పటికే నాలుగడుగులు వేసిన నాయనమ్మ వెనక్కి తిరిగి, "ఒరేయ్ అబ్బాయ్, నీ చేను సంగతేందిరా? సగం పోస్తే చాల్లే" అంది.

"సగంతో ఈ బురదలో ఎందాకా పోద్ది పెద్దమ్మా? ఊరి మధ్యలో ఆగితే ఇంకా బాగోదు" అన్నాడు బాబాయ్. డబ్బా తలకిందులు చేసి చివరి చుక్కదాకా దులిపాడు.

తాతయ్య బానెట్టు వేసి సీట్లో కూర్చున్నాడు. జీపు కదిలింది. వెనక నుంచి పొగ బయల్దేరింది. ఇంజనాయిలు కలిపిన పెట్రోలు కదా, అది మామూలు పొగ కాదు. నీలంగా, తెల్లగా, దుప్పటి పరిచినట్టు దారంతా కమ్ముకుంది. కొంగలు దారి తప్పి కృష్ణలో దిగాల్సినవి మా చెరుకు తోటలో దిగాయి. మాకు చెరుకు తోట లేదు, అయినా దిగాయి. నేను వెనక నిలబడి ఆ పొగలో చేతులు ఊపుతూ కేకలు పెట్టాను. నా బతుకులో అంత సంబరం ఎన్నడూ లేదు.

టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ సంబరం తీరింది. మా ఊళ్లో స్ప్రేయరు పొగ వాసన తెలియని రైతు లేడు. కూర్చున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"ఏంది పెద్దాయనా, జీపుతో మందు కొట్టుకుంటా వస్తన్నారే?" అన్నాడొకడు.

"మా చేను మీదుగా కూడా ఒక రవుండు తిప్పండి, పురుగు దానంతటదే చచ్చుద్ది" అన్నాడు ఇంకొకడు. బల్లలన్నీ ఒక్కసారిగా నవ్వాయి.

చివరన కూర్చున్న ముసలాయన మాత్రం నవ్వలేదు. ఊరి బయటి చేల వైపు చూసి, "ఎవరి డబ్బాయో పాపం" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఇంజను అంత రొదలోనూ నాకు వినపడింది. నా చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి. తాతయ్య మెడ వెనక భాగం మిరపపండు రంగులోకి మారడం చూశాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

మేం ఇల్లు చేరేసరికి, జీపు ఎక్కకుండా చేలగట్ల మీద అడ్డదారిన వచ్చిన నాయనమ్మ అప్పటికే కాళ్లు కడుక్కుని పొయ్యి ముట్టించింది. తాతయ్య జీపు దిగి చూరులోని కందిపుల్ల తీసి ట్యాంకులోకి దింపాడు. పొడిగా వచ్చింది.

బాబాయ్ ఖాళీ డబ్బా సైకిలుకి కట్టుకుని మళ్లీ బంకుకి వెళ్లాడని తర్వాత తెలిసింది. ఆయన తిరిగి వచ్చేలోపే వాన మొదలైంది. మళ్లీ ముసురు పట్టింది. ఎండ వచ్చిన ఆ ఒక్క పూటా మా జీపు కడుపులోకి పోయింది. బాబాయ్, పిన్ని నెత్తిన గోనెసంచులు వేసుకుని, ఆకు ఆకునీ తిరగేసి, పురుగుల్ని చేత్తో ఏరి, కిరసనాయిలు నీళ్లున్న డబ్బాలో వేసేవాళ్లు. ఒక చేను పురుగుని ఇద్దరు మనుషులు ఏరడమంటే వానని దోసిళ్లతో పట్టి ఆపడమే.

రెండో రోజు తాతయ్య కూడా వెళ్లాడు. జీపు తీయలేదు. పంచె ఎగ్గట్టి, నన్ను వెంటబెట్టుకుని, బురదలో నడుచుకుంటూ వెళ్లాడు. చేలో దిగి, "ఏ ఆకు కింద ఉంటాయిరా ఇయ్యి?" అని అడిగాడు. "మీకెందుకు పెదనాన్నా ఈ బురదలో" అన్నాడు బాబాయ్. తాతయ్య వంగి ఏరడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా నడుమెత్తలేదు. అయినా ఆ ఏడాది ఆ చేలో పగిలి విచ్చిన పత్తికన్నా ఊడి కింద పడ్డ కాయలే ఎక్కువ. మరుసటి ఏడు ఆ కౌలు వేరేవాళ్లకి పోయింది. బాబాయ్ మిరపకాయల కొట్లో మూటలు మోసే పనికి కుదిరాడు.

ఇప్పుడు మా బంధువుల్లో ప్రతి రెండో ఇంట్లో ఇల్లంత బండి ఒకటి ఉంది. కుర్రాళ్లు తాళం చెవి వేలికి తిప్పుతూ నాతో, "మైలేజీ మాత్రం అడక్కండి బాబాయ్" అంటారు. వాళ్ల మొహంలో వెలుగు నాకు తెలుసు, మా తాతయ్య మీసం మీద చూశాను. పెళ్లిమండపాల ముందు ఏసీ కోసం గంటలకొద్దీ ఆపకుండా ఉంచిన ఆ బండ్ల పక్కనుంచి నడుస్తుంటే, ఆ పొగలో నాకు ఇంజనాయిలు కలిపిన వాసన వస్తుంది. అందులో ఇంజనాయిలు ఉండదని తెలుసు. అయినా తల వంచుకునే నడుస్తాను. ఎవరు ఎంత తాగే బండి కొన్నా, అది ఎవరి ఎండపూటని తాగుతోందో అనిపించి మెచ్చుకోవడానికి నోరు రాదు.

ఇక్కడితో ఆపేయవచ్చు. రైలింజనూ, కొంగలూ, స్టేషనులో మూటలూ మీరు ఎలాగూ తగ్గించుకునే ఉంటారు. తాతయ్య చేలోకి వెళ్లి పురుగులు ఏరాడని రాశాను చూడండి, ఆ ఒక్కటి మీ అంతట మీరు తగ్గించుకోలేరు. అది నేను కల్పించింది. మా పిల్లలకి చెప్పీ చెప్పీ, ఆయన పంచె అంచున బురద కూడా నాకు కనపడుతుంది. కానీ ఆయన వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ముసురు పట్టిన రెండో రోజు తాతయ్య వరండాలో పాత పేపరు పట్టుకుని కూర్చున్నాడు, నేను తలుపు చాటున ఉన్నాను. బాబాయ్ చేలోకి పోతూ మా గేటు దగ్గర సైకిలు దిగి, "జీపు మళ్లీ ఎక్కడా ఆగలేదుగా పెదనాన్నా?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. తాతయ్య పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. బాబాయ్ కాసేపు నిలబడి సైకిలెక్కి వెళ్లిపోయాడు.