నలభైకి అయిదు కలిపితే నాలుగు వందల అయిదు

2023 యాసంగి వడ్లు కోతకొచ్చిన రోజులు. మహబూబాబాద్‌లో ముగ్గురం కలిసి నడుపుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. నర్సింహులపేట వైపు మహిళా సంఘం నడిపే ఒక వడ్ల కొనుగోలు కేంద్రానికి టోకెన్ల వెబ్ యాప్ రాసిచ్చాను. ఏ రైతు ఏ రోజు వడ్లు తేవాలో ఫోనుకు మెసేజ్ పంపడం దాని పని. కేంద్రం చూసుకునే సరోజనక్క మొదటి రోజే చెప్పేసింది.

"రోజుకు నలభై మంది తమ్మీ. మీద ఇంకో అయిదుగురు. ఫోన్లు లేని ముసలోళ్లుంటరు, గా అయిదు నేనే రాసుకుంట."

నలభైకి అయిదు కలిపి రోజు మొత్తం లెక్కగట్టి, అక్క రాసుకునే అయిదుగురు పోను మిగతావాళ్లను పిలిచేలా రాసిన యాప్ రెండు వారాలు చక్కగా నడిచింది. అంతలో నాకు తెలివి ఎక్కువైంది. నలభై అనే అంకెను ప్రోగ్రాంలోంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెడితే, ఏ కేంద్రానికి కావలసినట్టు ఆ కేంద్రం మార్చుకోవచ్చు కదా అనుకున్నాను. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ప్రోగ్రాంకు బయట, సర్వర్‌లో రాసిపెట్టే సెట్టింగ్. అయిదు నిమిషాల్లో మార్చేసి టీ తాగడానికి పోయాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఏం జేసినవ్ తమ్మీ? ఊర్లకు ఊర్లే వచ్చినయ్. ట్రాక్టర్లు రోడ్డు మీద ఆగినయ్. మీదికెళ్లి మొగులైంది!"

బండి మీద ఎలా పోయానో నాకే తెలియదు. కేంద్రం గేటు బయట తండా నుంచి వచ్చిన జమ్లి అవ్వ తన వడ్ల కుప్ప పక్కన నిలబడి ఉంది. అక్క చేత్తో రాసుకునే అయిదుగురిలో ఆమె ఒకరు.

"ఇయ్యాల నా వంతే అన్నది సరోజన. నా ముంగట గింత మంది ఎట్లొచ్చిండ్రు బిడ్డా?"

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే తెలిసింది. వేరియబుల్‌లో ఏం రాసినా ప్రోగ్రాంకు అది అక్షరాలుగానే అందుతుంది. నేను పెట్టిన 40 దాని దృష్టిలో అంకె కాదు, పక్కపక్కనున్న రెండు అక్షరాలు. అయిదు కలపమంటే కూడలేదు, చివర అతికించింది. 405! జాబితాలో ఉన్నవాళ్లందరినీ ఒక్కరోజే పిలిచింది.

ఒక్క లైను మారిస్తే యాప్ దారికొచ్చింది. కమ్ముకొచ్చిన మొగులు మాత్రం ఆగలేదు. అవ్వ వంతు రాకముందే వాన దంచికొట్టింది. ఆమె కుప్ప సగం తడిసింది. నాకు తల కొట్టేసినట్టయింది. సర్వర్ మీదికి నెట్టేద్దామని నోటిదాకా వచ్చింది గానీ, ఆమె మొహం చూశాక అబద్ధం రాలేదు.

"తప్పు నాదే అవ్వా."

"అయిందేదో అయింది. ముందుగాల గీ పరదా కొస పట్టు, వడ్ల మీద కప్పుదం."

తరువాతి మూడు రోజులూ ఆమెతో కలిసి వడ్లు ఆరబోశాను. అప్పుడే అక్క పని దగ్గరగా చూశాను. ఎవరి వడ్లయినా సరే, తేమ మిషన్ పెట్టి చూశాకే కాంటా మీద తూకం. ఒకరోజు సొంత తమ్ముడి వడ్లనే తేమ ఎక్కువుందని వెనక్కి పంపింది.

"మీ తమ్ముడే గదక్కా?"

"తెచ్చినోని మొకం జూస్తే తేమ తెలుస్తదా? గేటు కాడ చూడకుంటె మిల్లు కాడ బయటవడ్తది."

నాలుగో రోజు పొద్దున మొదటి కాంటా జమ్లి అవ్వదే. ఆ రోజే నేనూ యాప్‌కు అలాంటి గేటు కట్టాను. మొదలయ్యే ముందే ప్రతి వేరియబుల్‌నూ చూస్తుంది. ఉందా? అంకె కావలసిన చోట అంకేనా? ఒకటికీ వందకూ మధ్యలో ఉందా? అన్నీ సరిపోతే అక్షరాలను అసలైన అంకెగా మార్చి లోపలికి పంపుతుంది. లేకపోతే ఏది తప్పో చెప్పి, యాప్‌ను తెరవనివ్వదు. టైప్-సేఫ్ అని మేం గొప్పగా చెప్పుకునేది ఇదే. ఆ తరువాత నా యాప్ ఏదీ ఈ గేటు లేకుండా బయటికి పోలేదు.

ఆ ఏటి వానాకాలం పంట కొనుగోళ్లకు కాటారం దగ్గర ఇంకో కేంద్రానికి అదే యాప్ పెట్టడానికి పోయాం. అక్కడి ఆడవాళ్లకు పని చూపించడానికి సరోజనక్క కూడా వచ్చింది. అందరి ముందూ దర్జాగా మీట నొక్కాను. యాప్ తెరుచుకోలేదు. రోజు పరిమితి రాయడం మరిచిపోయానని తెర మీద ఎర్రగా రాసి చూపించింది.

"ఏమైంది తమ్మీ?"

"నా వడ్లే వాపస్ వచ్చినయక్కా."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయితె మిషిన్ మంచిగనే పనిజేస్తుంది."