జోళ్ళు తిప్పినవారిని అడగని వ్యాసం

మా మాస్టారు పోయారు. ఆ సంగతి టెక్కలి నుంచి ఆయన భార్య ఫోను చేసి చెప్పారు. నేను బట్టలు మార్చుకుని బయలుదేరేలోపు, జూదం మీద పరిశోధనలు ప్రచురించే ఒక విదేశీ పత్రిక నుంచి మెయిలు కూడా వచ్చింది. మా వ్యాసం తుది ఆమోదానికి సిద్ధంగా ఉన్నదనీ, సహరచయిత అనగా మాస్టారు, తానే రచయితనని ధ్రువీకరిస్తూ ఒక లింకు నొక్కవలసి ఉన్నదనీ, పద్నాలుగు రోజులలోగా నొక్కనిచో వారికి ఈ విషయంలో ఆసక్తి సన్నగిల్లినట్టు భావింపబడుననీ అందులో ఉంది. మరణాన్ని ఇంత మర్యాదగా పేర్కొన్న వాక్యం నేనింతకు ముందు చదవలేదు.

పాఠకులకు ఆయన్ను పరిచయం చేయడం నా విధి. సుమ్మాదేవి దగ్గర జీడితోటల రైతు కుటుంబంలో పుట్టి, టెక్కలిలో అర్థశాస్త్రం బోధించి రిటైరయినవారు. నేను ఆయన శిష్యుణ్ని. ప్రస్తుతం పలాసలో అదే శాస్త్రం చెబుతూ, పదోన్నతికి ఒకే ఒక్క అంతర్జాతీయ వ్యాసం తక్కువై నిలిచిపోయినవాణ్ని. మాస్టారు ఏ దరఖాస్తునైనా మొదటి అక్షరం నుంచి అడుగున ఉన్న ముద్రణాలయం పేరు దాకా చదివేవారు. రైల్వే రిజర్వేషను ఫారం వెనకవైపు నిబంధనలు చదివి, అందులో తప్పు చూపించి, కౌంటరులోని ఉద్యోగిని ఇబ్బందిపెట్టిన ప్రయాణికుణ్ని నేను ఆయన్నొక్కరినే చూశాను. ఏ గడీ వదిలేవారు కాదు. "ఖాళీగా వదిలితే ఏదో దాచినట్టేనయ్యా" అనేవారు.

మా వ్యాసం విషయం ఇది. ఉద్దానం జీడితోటల్లోనూ, భావనపాడు తీరాన పడవల నీడలోనూ మగవాళ్ళు కోతముక్క అనే పేకాట ఆడేవారు. ఆటగాళ్ళు జోళ్ళు ఒక పక్క వరసగా విడిచి చాపమీద కూర్చుంటారు. ఆట మధ్యలో ఒక ఆడమనిషి వస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు, ఆటవైపు చూడదు. ఆవిడెవరో ఆటగాళ్ళూ తలెత్తి చూడకూడదు. ఒక జతను మాత్రం ఇంటిదారి వైపు తిప్పిపెట్టి వెళ్ళిపోతుంది. తన జోళ్ళు తిరిగి ఉన్నట్టు గమనించినవాడు ఆ ఆట ముగియగానే లేచిపోవాలి. అతన్ని ఎవరూ ఆపకూడదు, ఎగతాళి చేయకూడదు. పోలీసు జీపుకు లొంగనివాళ్ళు కూడా దీనికి లొంగేవారు. పెళ్ళయిన కొత్తలో మాస్టారి జోళ్ళు కూడా ఒకసారి తిరిగాయట. ఆయన లేచి వచ్చి, మళ్ళీ జన్మలో ముక్క పట్టలేదు. చట్టం చేయలేని పనిని ఒక జత తోలుజోళ్ళు ఎలా చేశాయన్నది ఆయన జీవితకాల ప్రశ్న. రిటైరయ్యాక దాన్ని వ్యాసంగా రాశారు. ఇంగ్లీషు సరిచేసి సహరచయితనయ్యాను నేను.

తర్వాత జరిగినదాన్ని సమర్పణ అంటారు. పత్రిక పోర్టల్‌లో జూదం జరిగే స్థలాన్ని జాబితా నుంచి ఎంచుకోవాలి. క్యాసినో, గుర్రప్పందేల మైదానం, లాటరీ దుకాణం, ఇతరములు. మాస్టారు ఇతరములు నొక్కి జీడితోట అని రాశారు. తోట లైసెన్సు నంబరు ఇవ్వనిదే పోర్టల్ తర్వాతి పేజీకి కదలలేదు. రచయితకు జూదంతో వ్యక్తిగత సంబంధం కలదా అన్న గడిలో, "కలదు. వివాహమైన కొత్తలో. భార్య జోక్యంతో ముగిసినది" అని పూర్తి నిజాయితీతో నింపారు. దీనిపై సంపాదకవర్గం నుంచి విడిగా వివరణ కోరుతూ ఒక ఉత్తరం వచ్చింది. వివరణ ఇచ్చాం. పటాలను ఒక రూపంలో పంపితే ఇంకొక రూపంలో పంపమన్నారు. ఇంకొక రూపంలో పంపితే మొదటి రూపమే మేలన్నారు. పాస్‌వర్డు ప్రతి మూడు నెలలకూ గడువు తీరేది. మా ఓపికకు అంత గడువు కూడా ఉండేది కాదు.

మొదటిసారి, మీ వ్యాసం జూదం మానడాన్ని గురించినది, మా పత్రిక జూదాన్ని గురించినది అని తిప్పిపంపారు. రెండోసారి సమీక్షకుల దాకా వెళ్ళింది. మొదటి సమీక్షకుడు జోళ్ళ వర్ణన చాలలేదన్నాడు. రెండో సమీక్షకుడు జోళ్ళ వర్ణన ఎక్కువైందన్నాడు. అంతేకాక, శాస్త్రీయత కోసం పరిశోధకులే కొందరి జోళ్ళను యాదృచ్ఛికంగా తిప్పి ఫలితాలు ఎందుకు నమోదు చేయరాదని అడిగాడు. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, "తిప్పితే మన కాళ్ళు మనకుంటాయేటి" అని, జవాబులో మాత్రం "నైతిక కారణాల వల్ల సాధ్యపడదు" అని రాయించారు. ఇంగ్లీషులో రాస్తే మన భయాలు కూడా గౌరవంగా కనబడతాయని ఆయన అభిప్రాయం.

ఈలోగా, మా ప్రాంతంలో చాలామందికి జరిగినట్టే, మాస్టారి మూత్రపిండాలు పని మానుకున్నాయి. వారానికి మూడుసార్లు బస్సులో పలాస వచ్చి డయాలిసిస్ మంచం మీద నాలుగు గంటలు ఉండేవారు. ఒక చెయ్యి యంత్రానికి, ఇంకో చెయ్యి సమీక్షకులకు. ల్యాప్‌టాప్ నేను పట్టుకునేవాణ్ని. జవాబు సగంలో ఉండగా పోర్టల్ తనంతట తాను మమ్మల్ని బయటికి పంపేది. సర్వర్ పనిచేయడం లేదని నేను చెబితే, ఆయన గొట్టాలవైపు చూసి, "ఇది చేస్తంది కదా, అది ఆగినా ఫరవాలేదు" అనేవారు.

చివరికి స్వల్ప సవరణలతో అంగీకారం అన్న ఉత్తరం వచ్చింది. రెండో సమీక్షకుడు కూడా మెత్తబడ్డాడు. ముఖ్యంగా పదకొండో పాదసూచికను మెచ్చుకున్నాడు. జోళ్ళు తిప్పిన విషయాన్ని భార్యలు ఇంట్లో ఒప్పుకోరనీ, తిప్పలేదని ఒట్టు కూడా వేస్తారనీ, ఇది కుటుంబ శాంతి కోసం ఆడే సాధారణ అబద్ధమనీ అందులో ఉంది. అది నా రచన. మిగిలిన సవరణ ఒక్కటే. మేము మాట్లాడిన ఆటగాళ్ళందరి సమ్మతి పత్రాలు, సంతకాలతో సహా పంపాలి.

ఆటగాళ్ళు సంతకం చేయలేదు. పేకాట అన్న మాటున్న కాగితం మీద సంతకం ఎక్కడికి చేరుతుందో వాళ్ళకు తెలుసు. మాస్టారు భావనపాడులో ఒక్కొక్కరినీ అడిగి, అందరి చేతా కాదనిపించుకుని, చేపలు ఎండబెట్టే చోట నీడకు కూర్చున్నారు. అక్కడ పని చేసే పెద్దావిడ కాగితాలు ఏమిటని అడిగింది. విని, "తిప్పింది మేవు, సంతకం ఆళ్ళెందుకు ఎడతారు మేస్టారూ" అని, పక్కవాళ్ళను పిలిచి అందరిచేతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టించింది. అయితే ఏ కాగితమూ చదివి వినిపించనిదే సంతకం తీసుకునే అలవాటు మాస్టారికి లేదు. వ్యాసం సారాంశం తెలుగు చేసి చెప్పారు. భార్య తన భర్త జోళ్ళను తిప్పును అన్న వాక్యం దగ్గర ఆడవాళ్ళంతా నవ్వారు. అది ఎందుకో ఆయనకు బోధపడలేదు.

"మీ ఇంట్లో అమ్మనడగండి" అంది పెద్దావిడ, నవ్వు ఆపుకుంటూ. "మాకేటి తెల్దు."

ఇంటికి వెళ్ళి ఆయన భార్యను అడిగారు. మర్నాడు డయాలిసిస్ మంచం మీద నాకు అదంతా చెప్పారు. ఆనాడు ఆయన జోళ్ళు తిప్పింది ఆవిడ కాదు. ఎదురింటి ఇల్లాలు. ఎదురింటాయనవి ఈవిడ తిప్పారు. ఏ ఊళ్ళోనూ ఎవరూ సొంత భర్త జోళ్ళు తిప్పరట. అది ఆడవాళ్ళు తమలో తాము చేసుకున్న ఏర్పాటు. ఇంటికి వచ్చి మొగుడు నిలదీస్తే, నేను ముట్టుకోలేదని దేవుడి పటం ముందు నిజంగానే ఒట్టు వేయవచ్చు. తన్నులు తప్పుతాయి. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని మాస్టారు అడిగితే, ఆవిడ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "మీరెప్పుడడిగేరు?" అన్నారట.

ఆ సంగతి చెప్పి మాస్టారు నన్ను ల్యాప్‌టాప్ తెరవమన్నారు. తర్వాత వ్యాసాన్ని వెనక్కి తీసేయమన్నారు.

నాకు కోపం వచ్చిందని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను. ఇన్ని తిరస్కారాల తర్వాత, ఆమోదం గుమ్మంలో ఉండగా. ఒక్క వాక్యం మారిస్తే చాలునన్నాను.

"ఒక్క వాక్యం కాదయ్యా. మగాళ్ళనడిగి ఆడాళ్ళ గురించి రాసినాం. ఆ పాదసూచికలో ఊళ్ళో ఆడాళ్ళందర్నీ అబద్ధాలకోరులన్నాం. మా ఆవిడతో సహా."

"దాన్ని ఎవరు చదువుతారు మాస్టారూ?"

"సదివేదెవరో నాకు తెలీదు. రాసింది మనం."

నా పదోన్నతి సంగతి ఆయనకు తెలుసు. ఆ మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. మళ్ళీ కొత్తగా, ఈసారి ఆడవాళ్ళనడిగి, మొదటినుంచి రాద్దామన్నారు. సరే, వెనక్కి తీస్తానన్నాను. ఆ వారంలోనే ఆడవాళ్ళ సంతకాలను ఆటగాళ్ళ సమ్మతి పత్రాలుగా జతపరిచి, పాదసూచికను యథాతథంగా ఉంచి, వ్యాసాన్ని పంపించాను. మా సంతకాల్లో ఆడా మగా తేడా పత్రికవారికి తెలియదు. ఆ తర్వాత డయాలిసిస్‌కు వచ్చిన ప్రతిసారీ ఆయన, "తీసేవా?" అని అడిగేవారు. సర్వర్ పనిచేయడం లేదని చెప్పేవాణ్ని. అది ఎప్పుడూ పనిచేయని సర్వర్ కనుక ఆయన నమ్మేవారు. ఆ విధంగా నా మీద అనుమానం రాకుండా పోర్టల్ నాకు పూర్తి సహకారం అందించింది. మా సంబంధంలో అది చేసిన మేలు అదొక్కటే.

ఇంతలో మాస్టారు పోయారు.

ఆయన అకౌంటు తెరిచిందీ, పాస్‌వర్డు పెట్టిందీ నేనే. ఆ లింకు నేను నొక్కితే, పత్రిక దృష్టిలో ఆయన జీవించి ఉండి, చదివి, అంగీకరించినట్టే. పది రోజులు ఆ మెయిలు తెరిచి చూస్తూ మూస్తూ గడిపాను. మధ్యలో, గడువు సమీపిస్తున్నదని గుర్తుచేస్తూ ఆయనకు మరో రెండు మెయిళ్ళు వచ్చాయి. రెండోదానిలో, మీరు ఆరోగ్యంగా ఉన్నారని ఆశిస్తున్నాము అని ఉంది.

పదకొండో రోజు కార్యానికి టెక్కలి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయన భార్య నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నా పిల్లల చదువుల గురించి అడిగారు. తర్వాత, మామూలుగా అడిగినట్టే, "సర్వర్ బాగయిందా బాబూ?" అన్నారు. "ఆయన ఆఖరిరోజు కూడా అదే అడిగేరు. నీకేదో ఇబ్బందుండి ఉంటాది, ఒత్తిడి చెయ్యకూడదనీవారు."

ఆవిడ ఏ ఇబ్బంది గురించి అన్నారో, మాస్టారికి ఎంత తెలిసిపోయిందో నేను అడగలేదు. బాగయిందనే చెప్పాను. వెళ్ళగానే తీసేస్తానన్నాను.

పలాస చేరి ఉపసంహరణ పేజీ తెరిచాను. అందుకూ ఒక జాబితా ఉంది. వేరొక పత్రికకు పంపదలచుట, సమాచారంలో దోషం, రచయితల మధ్య వివాదం. మూడూ కొంతకొంత నిజమే, ఏదీ సరిపోలేదు. చివరి గడిలో, "అడగవలసినవారిని అడగకుండా రాసితిమి. పదకొండో పాదసూచిక అసత్యము. ఆ అసత్యము నాది" అని రాసి నొక్కాను. అంతకుముందు ఏ పనికైనా వారాలు తీసుకున్న ఆ పోర్టల్ దీన్ని క్షణంలో పూర్తిచేసి, ఈ అనుభవం పట్ల నా సంతృప్తిని ఒకటి నుంచి ఐదు దాకా అంకెలలో తెలుపవలసిందిగా కోరింది. ఈ ఏడాది పదోన్నతుల జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు.

వ్యాసం తీసేసిన తర్వాతి ఆదివారం భావనపాడు వెళ్ళాను. పెద్దావిడ వల మీద ఎండుతున్న కవళ్ళ చేపలు తిరగేస్తోంది. మాస్టారు పోయిన సంగతి చెప్పాను. "పోనారా" అంది. చేతిలో ఉన్న వరస పూర్తిచేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి నా కాగితాలవైపు చూసింది. జోళ్ళు ఎవరివి ఎవరు తిప్పేవారో చెబితే రాసుకుంటాననీ, ఇది ఆడవాళ్ళు దాచుకున్న విషయం కనుక వద్దంటే మానేస్తాననీ, ఇది కూడా చదివి వినిపిస్తాననీ చెప్పాను.

"రాసీసుకో బాబూ. ఇంక దాసీదేటుంది. ఇప్పుడు తోటలోకెల్లి ఆడీవోడెవడు? మంచం మీద తొంగోని ఫోన్లో ఆడతన్నారు. జోళ్ళు మంచం కిందే ఉంతన్నాయి. ఎటు తిప్పినా ఆడికి కనపడవు."

అలా అని, కొత్తకోడలిగా వచ్చిన ఏడాది తొలిసారి ఎవరి జోళ్ళు తిప్పిందో, తిప్పడానికి వెళ్ళేటప్పుడు ఎవరు తోడు వచ్చారో చెప్పడం మొదలుపెట్టింది. సముద్రపు గాలికి కాగితాలు లేచిపోతున్నాయి. ఒక చేత్తో పట్టుకుని రాయడం నాకు చేతకావడం లేదు. ఆవిడ మాట ఆపకుండానే పక్కనున్న వల మీద నుంచి సగం ఎండిన చేపలు రెండు తీసి, కాగితం పైఅంచు మీద చెరొక మూలా పెట్టింది. నేను రాస్తూ పోయాను. ఎండకు చేపల నూనె కాగితంలోకి ఇంకుతూ, మెల్లగా కిందికి పాకుతూ, ఇంకా ఏమీ రాయని చోటుకు వచ్చి ఆగింది.