మూడో వేలు పట్టని నోరు

ఆ రోజు మదనపల్లెలో ఒక నేత ఇంట్లో అచ్చు అతుకుతున్నాను. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. పట్టుచీర అంటే నాలుగు వేల పైచిలుకు పోగులు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, తల వంచుకుని కూర్చుంటే లేచేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే.

మధ్యలో దోసె పెట్టారు. మొదటి ముక్కకు నోరు తెరిచాను. కుడి చెవి ముందర టక్కుమంది. పక్కన ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. మగ్గం గలాయన నవ్వి, "ఏమ్మా, మా ఇంటి దోసె అంత గట్టిగా ఉండాదా?" అన్నాడు. ఆయన ఇంట్లో నేను మళ్లీ అచ్చు అతకలేదు.

దానికి ముందు సూచనలు లేకపోలేదు. పొద్దున లేస్తే బుగ్గలు అలసిపోయినట్టుండేవి. కణతలు లాగేవి. నిద్ర చాలలేదనుకున్నాను.

మొదట పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే తీసి, జ్ఞానదంతం అడ్డంగా ఉందని పీకేశారు. పుండు మానింది, నొప్పి మానలేదు. చెవి డాక్టరు లైటు వేసి చూసి, చెవులు రెండూ క్లియర్ అన్నారు. మళ్లీ పళ్ల డాక్టరు దగ్గరికే వెళితే, ఫోను చూసుకుంటూ "ఇది స్ట్రెస్ అమ్మా, ఏమీ ఆలోచించొద్దు" అన్నారు. నా మొహం చూసి చెప్పి ఉంటే ఆ మాట వినేదాన్నేమో.

ఈలోగా మొహం మారిపోయింది. కింది దవడ రెండు వైపులా కండ పెరిగి గట్టిపడింది. బంధువుల గృహప్రవేశంలో తీసిన ఫోటో అందరి ఫోన్లకూ వచ్చింది. నా తోడికోడలు సుజాత దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, పదిమందిలో "అక్కా, నీ మొగం ఇటుకరాయి మాదిరి నాలుగు పలకలు తిరిగిందే" అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. ఆ రోజు నుంచి ఆమెతో నాకు మాటల్లేవు.

పుంగనూరు అవతల ఒక పల్లెలో కట్టు కట్టే ఆయన ఉన్నాడని తీసుకుపోయింది మా ఆయనే. మా ప్రాంతంలో చేయి బెణికినా కాలు విరిగినా ముందు కట్టుకే పోతాము. మా బావగారి కాలు ఆయన కట్టుతోనే అతుక్కుంది. దవడ కూడా ఎముకే కదా అనుకున్నాము. కట్టాయన నా దవడ తడిమి చూసి ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. "సూడమ్మా, దవడకు నేను పెద్దగా కట్టింది లేదు. పదకొండు దినాలు పెట్టుకో. పన్నెండో దినం ఈడికొచ్చి ఇప్పించుకో. ఆ పైన వద్దు" అన్నాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా గుడ్డతో బిగించాడు. గంజి, మజ్జిగ పళ్ల సందులోంచి పీల్చుకోవడమే.

ఇంటికొచ్చేసరికి సుజాత వాకిట్లో ఉంది. సంగతంతా విని, నాతో కాదు, మా ఆయనతో అంది. "పదకొండు దినాలు అక్క నోరు మూసుకుంటే మనకంతా పండగే బావా."

ఇప్పుడు రాసేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజు కట్టు విప్పించుకోలేదు. ఇంకా నొప్పి ఉందని, ఎక్కువ రోజులు ఉంటే గట్టిగా అతుక్కుంటుందని ఇంట్లో సైగ చేశాను. అది అబద్ధం. నొప్పి తగ్గింది. సుజాత పదకొండు అంది కాబట్టి ఇరవై ఒకటి ఉంచుకున్నాను. నోరు మూసుకోవడమంటే ఏమిటో చూపిస్తాననుకున్నాను. ఎవరికి చూపించానో నాకే తెలియదు. ఆమె పదో రోజుకే ఆ మాట మరిచిపోయి ఉంటుంది.

ఇరవై రెండో రోజు కట్టాయన గుడ్డ విప్పుతూ రోజులు లెక్కేసి నా వైపు చూశాడు. "యాలమ్మా ఇట్ల చేసుకుంటివి?" అని మాత్రం అన్నాడు. నోరు తెరవబోయాను. ఒక వేలు దూరింది. రెండోది దూరలేదు.

సంగటి ముద్ద నమలకుండా మింగే తిండి. అది కూడా నోట్లోకి పోలేదు. రెండు నెలలు దాన్ని మజ్జిగలో పలచగా కలుపుకుని తాగాను. ఆవలింత వస్తే భయం వేసేది. మనిషిని సగమయ్యాను.

చివరికి కుప్పంలో పెద్ద ఆసుపత్రికి పోయాము. ఎమ్మారై తీశారు. అక్కడి డాక్టరమ్మ ఫిల్ము చూపిస్తూ విడమరిచి చెప్పింది. ఇది టీఎంజే అనే, చెవి ముందరి దవడ కీలు సమస్య. కీలు మధ్య మెత్తలా ఉండే డిస్కు ముందుకు జారింది. పళ్లు బిగించీ బిగించీ మ్యాసెటర్ అనే నమిలే కండరం లావెక్కింది, అందుకే మొహం పలకలు తేలింది. "కాలిరిగితే కదలకుండా కట్టాల. ఈ కీలు కదల్తానే ఉండాల. మూడు వారాలు కట్టి పెడితే బిగుసుకోక ఏం చేస్తాదమ్మా?" అంది. కట్టు ఎవరు వేశారని అడిగితే ఆయన ఊరు చెప్పాను. ఎన్ని రోజులకు విప్పమన్నారని అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

మామూలు మనిషికి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు నిలువుగా పళ్ల మధ్య పట్టాలట. "రెండు వేళ్ల దాకా తీసుకురావచ్చు. మూడోదానికి నేను మాట ఇవ్వలేను" అంది. ఆ రాత్రి ఇంట్లో అందరూ వేళ్లు పెట్టి చూసుకున్నారు. చప్పుడు విని సుజాత కూడా వచ్చింది. ఆమెకు నాలుగు పట్టాయి.

రాత్రికి పెట్టుకోమని పళ్లకు తొడుక్కునే స్ప్లింట్ ఇచ్చారు. మసాజ్ నేర్పింది ఫిజియోథెరపీ అమ్మాయి. ముందు వేడినీళ్ల గుడ్డ కాపడం. తర్వాత రెండు వేళ్లతో కణతలు, చెంప ఎముక కింద, దవడ మూల, నిదానంగా గుండ్రంగా రుద్దాలి. ఆఖరున బొటనవేలు బుగ్గ లోపల, చూపుడు వేలు బయట పెట్టి కండను పట్టుకుని నొక్కి ఉంచాలి. మొదటిసారి ఆ అమ్మాయి నొక్కినప్పుడు కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంట్లో మా ఆయన ఒకసారి సాయం చేస్తానని నూనె రాసి ఎద్దు మెడ రుద్దినట్టు రుద్దాడు. రెండు రోజులు వాచింది. ఆ తర్వాత నేనే చేసుకుంటున్నాను. నా వేళ్లకు పోగులో చిక్కు ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. బుగ్గలో గట్టి ముడి కూడా అలాగే దొరుకుతుంది. పోగులో చిక్కు విప్పితే విడిపోతుంది. ఇది విప్పిన చోటే సాయంత్రానికి మళ్లీ పడుతుంది.

పళ్లు ఎప్పుడు బిగిస్తున్నానో కనిపెట్టమని ఆ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. కూర్చునే చోట ఎర్ర దారం కట్టుకుని, కంటపడినప్పుడల్లా పళ్లు చూసుకోమంది. పని వల్లే బిగిస్తున్నానని నా నమ్మకం. అచ్చు అతికేటప్పుడు చూశాను, సగంసార్లు పళ్లు విడిగానే ఉన్నాయి. వంటింట్లో గోడకు కట్టిన దారం దగ్గర మాత్రం ఒక్కసారి కూడా విడిగా లేవు. ఆ గోడ అవతల సుజాత వంటిల్లు. ఆమె గొంతు వినిపిస్తుంది.

ఏడాది దాటింది. రెండు వేళ్లు వచ్చాయి. పెళ్లిళ్ల కాలంలో పని ఎక్కువై మళ్లీ ఒకటిన్నరకు దిగింది, మూడు నెలలు పట్టింది తిరిగి రావడానికి. బుగ్గల పలకలు కాస్త తగ్గాయి. మసాజ్ వల్లో తిండి లేకో చెప్పలేను. మొన్న సుజాత గోడ మీదుగా, "సన్నబడినావక్కా, ఇప్పుడు బాగుండావు" అంది. మంచి మనసుతోనే అంది, నాకు తెలుసు. అయినా చెంప మీద చేయి పెట్టి చూస్తే అప్పటికే రాయిలా ఉంది.

మొన్నటి చెకప్‌లో ఇక ఇంతేనా అని అడిగితే, డాక్టరమ్మ "ఉన్నది నిలబెట్టుకో అమ్మా" అంది. రోజూ పొద్దున అద్దం ముందు వేళ్లు పెట్టి చూస్తాను. రెండు పోతాయి. మూడోది గోరు దగ్గరే ఆగుతుంది.

చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. పెదాలు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు. నమిలేటప్పుడు తప్ప ఎప్పుడూ కలవకూడదు. ఇది చదువుతున్నప్పుడు మీ పళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. బిగిసి ఉంటే విడదీయండి. ఎవరి మీద బిగించారో వాళ్ల నోటికి నాలుగు వేళ్లూ పడతాయి.