రష్యా అన్నకు జగిత్యాల గుంతలు

మొన్న మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి, అజైబాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లడానికి పులిహోర డబ్బాతో మస్కట్‌లోని రూవీలో బస్సెక్కాను. పక్క సీటులో మల్లేశు, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి సైట్‌లో పనిచేస్తున్నాడు. అతని ఫోనులో ఒక తెల్లాయన మోకాలి లోతు మంచులో నిలబడి ఎవరినో కోప్పడుతున్నాడు.

"ఎవరు బాబూ?"

"రష్యాల ఒక గవర్నరు, అమ్మా. లక్షల మంది జూస్తరు. మా రూమోళ్లందరం ఫ్యాన్సే."

"రష్యన్ వచ్చా నీకు?"

"రాదు. గని ఆఫీసరోళ్లను తిడుతున్నడని మొఖం జూస్తె ఎర్కైతది."

ఊళ్లో అతని భార్యకు నెలలు నిండాయట. గుంతల వల్ల గల్లీలోకి ఆటో రానన్నది. ఇతను ఆ గుంతల ఫోటోను గవర్నరు వీడియో కింద పెట్టి, "అన్నా, మా రోడ్డు గూడ చూడు" అని తెలుగులోనే రాశాడు. అటునుంచి ఎర్ర గుండె బొమ్మ వచ్చింది.

"అది మా సర్పంచ్‌కు పంపిన. నీ రోడ్డు రష్యా దాంక పోయిందన్న. తెల్లారే గుంతలల్ల మొరం పోయించిండు. నిన్న ఆటో ఇంటి ముంగటికే అచ్చింది. బిడ్డ పుట్టింది."

బిడ్డ ఫోటో చూస్తుండగా అజైబా దాటిపోయింది. అల్ మవాలేలో దిగి లెక్క చూసుకున్నాను. పోయినవి: దిగవలసిన స్టాపు ఒకటి, మల్లేశుకు ఇచ్చిన పులిహోర సగం డబ్బా, కాకినాడలో మా వీధి కాలువ గురించి ఏడేళ్లుగా తేదీలు వేసి రాస్తున్న అర్జీల మీద నమ్మకం మొత్తం.