పగలని పీపా

వీరబ్రహ్మం మస్కట్‌లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో వడ్రంగి. ఊరు మైదుకూరు దగ్గర. ఒమాన్ వచ్చి పంతొమ్మిదేళ్లయింది. తలుపు బిగుసుకుపోయిందనో, కుర్చీ కాలు ఊగుతోందనో ఇన్నేళ్లలో ఆయన చేసిన వస్తువును ఎవరూ వెనక్కి తేలేదు. ఆ సంగతి తన నోటితో చెప్పుకోడు గానీ, ఎవరైనా అంటే మాత్రం ఇష్టంగా వింటాడు.

జనవరి ఆఖర్లో ఒక డెన్మార్క్ ఆవిడ వర్క్‌షాపుకు వచ్చింది. పేరు మెట్టె. ఇక్కడున్న డెన్మార్క్ కుటుంబాలన్నీ కలిసి ఫిబ్రవరిలో తమ పాతకాలపు పండగ చేసుకుంటాయట. దానికి కొయ్య పీపా ఒకటి కావాలంది. ఫోన్‌లో ఫొటో చూపించి, వచ్చీరాని హిందీలో "బచ్చా లోగ్ మారేగా" అంది. పిల్లలు దాన్ని కొడతారన్నమాట. అయితే ఎంత కొట్టినా చెక్కుచెదరకూడదు అనుకున్నాడు వీరబ్రహ్మం. డ్యూటీ అయ్యాక నాలుగు సాయంత్రాలు కూర్చుని, పలకకూ పలకకూ గాడి తీసి, జిగురు పట్టించి, చుట్టూ రెండు ఇనప పట్టీలు బిగించాడు. మెట్టె చూసి మురిసిపోయింది. పండక్కి రమ్మని, స్నేహితులుంటే వాళ్లనూ తీసుకురమ్మని చెప్పి వెళ్లింది.

స్నేహితులంటే ఆయనకు ఇద్దరే. మొదట్లో అల్ సువైక్‌లో ఆరేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నవాళ్లు. రామసుబ్బయ్య ఇప్పుడు ఖబూరాలో ఖర్జూరం తోట చూసుకుంటాడు. రాయచోటి రియాజ్ మత్రా బజారులో బట్టలు కుడతాడు. ముగ్గురూ ఒకచోట కలిసి రెండేళ్లు దాటింది.

శుక్రవారం నమాజు ముగించుకుని రియాజ్ వచ్చేసరికి మిగతా ఇద్దరూ సముద్రం ఒడ్డున పండగ జరిగే తోట గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఏం ఆచారీ, మనల్ని పిలిచిన ఆయమ్మ పేరేంది?" అడిగాడు రామసుబ్బయ్య.

"మెట్టె."

"కాలికి పెట్టుకునే మెట్టెనా?"

"ఆమె తమ్ముడి పేరు కడియమేమో కనుక్కోన్నా!" అని రియాజ్ పడీపడీ నవ్వాడు.

లోపల చెట్లకు ఎర్రటి గుడ్డ మీద తెల్ల శిలువ ఉన్న జెండాలు కట్టారు. పిల్లలు పులివేషాలతో, రాణివేషాలతో పరుగెడుతున్నారు. మెట్టె ఎదురొచ్చి, బల్ల దగ్గరికి తీసుకెళ్లి పళ్లేలు చేతికిచ్చింది. నల్లటి రొట్టె ముక్క మీద పుల్లటి చేప. రామసుబ్బయ్య కొరికి, కళ్లు మూసుకుని నమిలాడు.

"చేపను ఉడకబెట్టకుండా ఊరేసినారబ్బా. ఇంత కారప్పొడి పడింటే దీన్ని కొట్టేది లేదు."

రియాజ్ చేప జోలికే పోలేదు. మీగడ పెట్టిన బన్నులు మూడు తిన్నాడు.

కాసేపటికి పీపాను తాడుతో పైకి కట్టారు. దాని మీద ఎవరో నల్లపిల్లి బొమ్మ వేశారు. పిల్లలు వరసలో నిలబడి, ఒక్కొక్కరు ఒక్కో దెబ్బ చొప్పున కర్రతో కొట్టడం మొదలుపెట్టారు. పీపా ఊగిందే తప్ప చెక్కుచెదరలేదు.

"గట్టిగా చేసినావు ఆచారీ!" అన్నాడు రామసుబ్బయ్య. వీరబ్రహ్మం మీసం సవరించుకున్నాడు.

రెండో వరస అయింది. మూడోదీ అయింది. పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పులివేషం వేసుకున్న పాప కర్ర కింద పడేసి ఏడుపు లంకించుకుంది. అప్పుడు మెట్టె నవ్వు ఆపుకుంటూ వచ్చి, "బ్రహ్మం, టూట్‌నా చాహియే!" అంది. లోపల చాక్లెట్లున్నాయట. పీపా పగలాలి, చివరి పలక ఎవరు రాలగొడితే వాళ్లే ఆ ఏటికి రాజు.

వీరబ్రహ్మం ముఖం మాడిపోయింది.

"ఏందంట?" అన్నాడు రియాజ్.

"పగలాలంట. నేనేమో పగలకుండా చేసినా."

ఇద్దరూ గడ్డి మీద కూలబడి మరీ నవ్వారు. "ఉట్టి కట్టమంటే ఇనప్పెట్టె చేసిపెట్టినావు గదన్నా!" అన్నాడు రియాజ్.

వీరబ్రహ్మానికి నవ్వు రాలేదు. ఆ పాప ఏడుపే చెవిలో పడుతోంది. లైట్లు కడుతున్న ఎలక్ట్రీషియన్ దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, స్టూలెక్కి రెండు పట్టీలూ విప్పేశాడు. అక్కడక్కడా పలకల సందుల్లో మొన దూర్చి జిగురు వదిలించాడు. తాను చేసినదాన్ని తానే విడదీస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా వదిలించాడు.

ఈసారి పులిపాప కొట్టిన దెబ్బకే ఒక పలక ఊడింది. ఇంకో నలుగురు కొట్టేసరికి చాక్లెట్లు వానలా రాలాయి. పిల్లలంతా అరుస్తూ వాటి మీద పడ్డారు. తాడుకు ఒక్క పలక మిగిలింది. మెట్టె కర్ర తెచ్చి వీరబ్రహ్మం చేతిలో పెట్టింది.

"నేనా? వద్దు మేడమ్."

"కొట్టు ఆచారీ! ఎవురిదో సొమ్మయినట్టు చూచ్చాండావేంది?" రామసుబ్బయ్య కేకేశాడు.

మొదటి దెబ్బ తలుపు తట్టినట్టుంది. అందరూ గోల చేశారు. ఆయనకు రోషం వచ్చింది. రెండో దెబ్బకు పలక ఎగిరి జెండాల్లో పడింది. పులిపాప వచ్చి, ఆయన్ని వంగమని సైగ చేసి, నెత్తిన కాగితం కిరీటం పెట్టింది. అప్పుడు నవ్వొచ్చింది వీరబ్రహ్మానికి. ఎంత నవ్వాడంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రామసుబ్బయ్య పక్కన కిరీటంతో నిలబడితే రియాజ్ తీసిన ఫొటో మైదుకూరు చేరిన రెండు నిమిషాలకే భార్య గంగులమ్మ ఫోన్ చేసింది.

"ఆ కిరీటమేంది? నీకేమన్నా అయిందా?"

"రాజునైనా."

"ఏం చేచ్చే రాజును చేసినారు?"

"నేను చేసిన పీపాను నేనే పగలగొట్టినా."

"బాగుండాదిలే, ఫొటో," అంది గంగులమ్మ. "రామసుబ్బన్న చిక్కిపోయినాడే, అన్నం తింటాండాడా లేదా? ఒకసారి ఫోనియ్యి ఆయనకు."

ఫోను ముగ్గురి చేతులూ మారింది. పొద్దు వాలేదాకా ఆ ఒడ్డునే కూర్చుని, సువైక్ రూమ్‌లో ఎవరు ఎక్కువ గురక పెట్టేవారో తేల్చుకోలేక వాదించుకుంటూనే ఉన్నారు.